చుక్క తర్వాత పది

బ్రాడీపేట నాలుగో లైన్లో
జెరాక్స్ కొట్టు పైన, మూడో అంతస్తులో మా ఆఫీసు.
వేడి కాగితం వాసన మెట్లెక్కి వచ్చి
మాతోపాటే పనికి కూర్చునేది.

మేం చేసేది పెద్ద పనేం కాదు.
కాటా చూపించే బరువును ఫోనుకు చెప్పే
చిన్న లైబ్రరీ.
ఎవరెవరి యాప్‌ల కడుపులోనో దాక్కుని
బస్తా ముప్పై తొమ్మిది కిలోల ఆరొందలు అంటుంది,
తన పేరు మాత్రం చెప్పుకోదు.

నంబరు మాత్రం ఉంది దానికి.
మూడు అంకెలు, మధ్యలో రెండు చుక్కలు.
కొత్తది వదిలినప్పుడల్లా
దాన్ని ఐదు చోట్ల చేత్తో మార్చాలి.
ఆండ్రాయిడ్‌కి ఒకచోట, ఐఫోన్‌కి ఒకచోట,
చదువుకునే కాగితంలో రెండుసార్లు,
ఐదోది ఎక్కడో ప్రభుదాసుకు తప్ప గుర్తుండదు.
ప్రభుదాసు చెల్లెలి పెళ్లికి రేపల్లె వెళ్లాడు.
నేను నాలుగే మార్చాను.

పొద్దున్నే నాగూర్‌వలి ఫోను,
లాలుపురం రోడ్డు కోల్డ్ స్టోరేజీ గుమాస్తా.
"మేడమ్, బస్తా ఒకటే.
నా ఫోన్లో ఒక బరువు, మేస్త్రీ ఫోన్లో ఇంకో బరువు.
రైతు మా ఇద్దరి మధ్యన నిలబడున్నాడు.
ఏది చెప్పమంటారు?"

కొత్త లెక్కలో గోనె బరువు తీసేశాం.
నంబరు మారలేదు గనక
మేస్త్రీ ఫోను తన దగ్గరున్నదే కొత్తదనుకుంది.
తేడా కిలో కూడా లేదు.
మధ్యన నిలబడున్నాడన్న మాట మాత్రం
మధ్యాహ్నం పప్పన్నంలో రాయై తగిలింది.

ఆ రాత్రే స్క్రిప్టు రాశాను, అరవై వరుసలు.
ఒక్కచోట చెబితే ఐదు చోట్లా అదే రాసుకుంటుంది.
మరిచిపోదు, పెళ్లిళ్లకు పోదు.
నెలన్నర హాయిగా పడుకున్నాను,
మూడు చుక్క తొమ్మిది దాటేదాకా.

మూడు చుక్క పది వచ్చిన రోజు
ఒక్క ఫోనూ కదల్లేదు.
ప్రభుదాసు కుర్చీ జరుపుకుని చూసి పగలబడి నవ్వాడు.
"నీ స్క్రిప్టుకి లెక్కలు రావు తల్లీ, అక్షరాలే వచ్చు.
పదిలో ముందు ఒకటి చూసింది,
తొమ్మిది కంటే చిన్నదని పక్కన పెట్టేసింది."

నాగూర్‌వలి కూడా స్క్రిప్టు వైపే.
"పాయింటు పదంటే పాయింటు ఒకటేగా మేడమ్,
ముందుకెళ్తున్నారా, వెనక్కా?"
ఫోన్లో చెప్పలేక స్కూటీ మీద వెళ్లాను.
ఘాటుకి తుమ్ముతూ, కళ్లు తుడుచుకుంటూ
ఏం చెప్పాలో తెలీక నిలబడితే
ఎదురుగా లాజరు
రేకు అచ్చు పెట్టి ఎర్రరంగు అద్దుతున్నాడు బస్తాల మీద.
రెండొందల పన్నెండు, గీత, తొమ్మిది.
రెండొందల పన్నెండు, గీత, పది.

"అదీ," అన్నాను, "మా చుక్క ఆ గీత లాంటిది."
"ఆ ముక్క ముందే చెప్పొచ్చుగా," అన్నాడు నాగూర్‌వలి.
లాజరు తలెత్తలేదు. పదకొండు వేశాడు.

ఇప్పుడు నంబర్లు రాత్రిళ్లు వాటంతటవే పెరుగుతున్నాయి.
మార్చినవారు అన్నచోట నా పేరుండదు, బాట్ అని ఉంటుంది.
రెండు చుక్క ఆరు అంటే కరెంటు పోయిన సాయంత్రమని,
కొవ్వొత్తి మైనం కీబోర్డు మీద కారిందని
ఒకప్పుడు వేళ్లకు తెలిసేది.
ఈ మధ్య ఏ నంబరు నడుస్తోందని ఎవరైనా అడిగితే
నేనూ వెతుక్కునే చెబుతున్నాను.

ఒక్క ప్రశ్న మాత్రం ప్రతిసారీ అడుగుతుంది.
ఈ మార్పు చిన్నదా, పెద్దదా,
పాతదాన్ని నమ్ముకున్నవాళ్ల పని చెడుతుందా?
ఏ అంకె పెంచాలో దానికి తెలుసు గానీ
ఎందుకు పెంచాలో తెలీదు.

చిన్నదే అని కొట్టబోతాను.
కింద జెరాక్స్ కొట్టు షట్టరు దించుతున్నారు.
చెయ్యి వెనక్కి తీసుకుని
గోనె బరువు తీసేసే ఆ వరుస
ఇంకోసారి చదువుతాను.